టిక్కు పెట్టని కాగితం

ఫిబ్రవరి 3

అమ్మాయికి,

ఇదివరకు నీకు ఉత్తరం రాసేటప్పుడు మొదట్లో పెట్టే మాటలేవీ ఇప్పుడు కుదరడం లేదు. పది నిమిషాలు కలం పట్టుకుని కూర్చుని చివరికి ఊరికే అమ్మాయికి అని రాశాను. ఏమీ అనుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి ఈయనకి అనుకుంటావేమో. నా చెవుల సంగతి నీకు తెలియంది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు టవర్ క్రేన్ క్యాబిన్‌లో మోటారు పక్కన కూర్చుంటే మిగిలేవి ఈ చెవులే. మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీసేస్తే లోకం మూగదైపోతుంది. ఫోన్‌లో ఎవరు మాట్లాడినా గరగర తప్ప ఇంకేం రాదు. కాగితంతో ఆ బాధ లేదు.

విషయానికి వస్తాను. నువ్వు ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ నా దగ్గర పెట్టిన రెండు అట్టపెట్టెల్లో ఒకటి నిన్న విప్పాను. వాడు లేని ఈ ఏడు నెలల్లో వాటిని ముట్టుకోవడం ఇదే మొదలు. వెతికింది స్క్రూడ్రైవరు. దొరికింది వాడి చేతిరాతతో ఒక కాగితం. పైన "నాన్న డ్రోన్" అని రాసి కింద గీత గీశాడు. నేను రిటైరైన రోజున "నాన్నా, మెట్లెక్కకుండానే నీకు పైనుంచి ఊరు చూపిస్తా" అన్నాడు కదా, మాటవరసకి అన్నాడనుకున్నాను. నిజంగానే లెక్కలు కట్టాడు.

కాగితంలో రెండు వరసలున్నాయి. ఎడమ పక్క బూడిద రంగుది. జీపీఎస్ ఉంది, బటన్ నొక్కితే తనంతట తనే వెనక్కి వస్తుంది, బ్యాటరీ ఒకటే, ధర కాస్త ఎక్కువ. కుడి పక్క నల్లది. మూడు బ్యాటరీలు, రెక్కల చుట్టూ రక్షణ చట్రం, చవక, జీపీఎస్ లేదు. రెండూ పావుకిలో లోపే, అనుమతులూ గినుమతులూ అక్కర్లేదని రాశాడు. అంతా రాశాడుగానీ దేనికీ టిక్కు పెట్టలేదు.

నాకు కొనాలని ఉంది. డబ్బు ఉంది, పనేమీ లేదు. కానీ వాడు ఏది అనుకున్నాడో అదే కొనాలి. ఇంకోటి నాకు వద్దు. నీకేమైనా చెప్పాడా? ఆలోచించి రాయి.

మోకాలు అలాగే ఉంది. నాలుగో అంతస్తు కూడా అలాగే ఉంది.

మామయ్య

*

ఫిబ్రవరి 11

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ గదిలో నాతోపాటు గోదాములో తూకం దగ్గర పనిచేసే ఆవిడ ఉంటుంది. నాకన్నా పెద్దది, మాటకారి. నేను మాట్లాడకపోయినా ఆవిడకి ఇబ్బంది లేదు, ఇద్దరి వంతూ తనే మాట్లాడేస్తుంది.

డ్రోన్ గురించి మీ అబ్బాయి నాకేమీ చెప్పలేదు. రెండు చూస్తున్నానని మాత్రం అన్నాడు. ఏదీ తేల్చలేదు.

కానీ నా పనివల్ల మీకు కొంత సాయం చేయగలనేమో. ఇక్కడ నేను వాపసు బల్ల దగ్గర ఉన్నాను. జనం ఆన్‌లైన్‌లో కొని, నచ్చక, పాడై తిప్పి పంపినవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. డబ్బా విప్పాలి, లోపల చీటీ మీద ఏం రాశారో చదవాలి, వస్తువుని చూడాలి, మళ్ళీ అమ్మకానికా, బాగుచేయడానికా, చెత్తకా అని మూడింట్లో ఒక ట్రేలో వేయాలి. రోజుకి తొంభై డబ్బాలు. ఏం ఆలోచించక్కర్లేదు, అందుకే ఈ బల్ల నాకు నచ్చింది.

మీరు రాసిన రెండు డ్రోన్లూ మా దగ్గర అమ్ముతారు. కిందటి నెలవి తీసి చూశాను. బూడిద రంగువి పదకొండు తిరిగొచ్చాయి. "ఫోన్‌తో కలవడం లేదు", "మాటిమాటికీ దిక్సూచి సరిచేయమంటోంది", "మా నాన్నగారికి వాడడం రావడం లేదు". ఈ చివరిది నేను కల్పించింది కాదు, నిజంగా రాశారు. నల్లవి ఎన్నొచ్చాయో తెలుసా? ఒక్కటి. అది కూడా డబ్బా నలిగిందని. దాదాపు రెండూ ఒకేలా అమ్ముడుపోతాయట. అంటే నల్లది కొన్నవాళ్ళు ఫిర్యాదు లేకుండా ఉన్నారనేగా.

కాబట్టి నల్లది తీసుకోండి. మోకాలికి పట్టీ వేసుకుంటున్నారా?

మీ కోడలు

*

ఫిబ్రవరి 20

అమ్మాయికి,

పదకొండూ ఒకటీ అని నువ్వు లెక్క చెప్పావు, బాగుంది. కానీ నేను అడిగింది ఏది మంచిదని కాదు, వాడు ఏది అనుకున్నాడని.

నీ నల్లదాని మీద నాకో అనుమానం కూడా ఉంది. పావుకిలో బరువు లేనిది, జీపీఎస్ లేనిది, పైన గాలికి ఎలా నిలబడుతుంది? కింద ఆకు కదలకపోయినా అరవై మీటర్ల ఎత్తులో గాలి మనిషిని తోసేస్తుంది. నాకు తెలిసినంత గాలి డబ్బా మీద బొమ్మ వేసినవాడికి తెలియదు. మా క్రేన్ సంగతే చెప్తాను విను. పని ముగించి దిగేటప్పుడు కొత్తవాడెవడైనా జాగ్రత్త అనుకుని క్రేన్ చెయ్యి తిరగకుండా ఆపే బ్రేకు బిగించి దిగుతాడు. అలా చేయకూడదు. బ్రేకు వదిలేసి దిగాలి. గాలి ఎటు తోస్తే ఆ పొడుగు చెయ్యి అటు తిరగాలి. బిగించి పెడితే మొత్తం టవరే కూలుతుంది. నేను చేరిన ఏడాది ఒకటి అలాగే కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక లారీ మాత్రం అప్పడంలా అయింది. ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. మాట్లాడే మనిషి లేక కాగితం మీద పడ్డాను.

మళ్ళీ అడుగుతున్నాను. ఆ చివరి వారం ఒక్కసారి గుర్తు తెచ్చుకో. ఆ రోజు ఉదయం ఏమైనా అన్నాడేమో. వాడి ఫోన్ నీ దగ్గరే ఉంది కదా, అందులో ఏముందో చూడు. నాకు తెలియాలి.

సిగ్నల్ మాన్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఇరవై ఏళ్ళు కింద నిలబడి నాకు సైగలు చేసినవాడు, ఇప్పుడు టీ కావాలన్నా సైగే చేస్తాడు.

మామయ్య

*

మార్చి 1

మామయ్యగారికి,

గుర్తొచ్చింది. నల్లదే అన్నాడు. ఆ వారంలోనే ఎప్పుడో అన్నాడు.

ఫోన్‌లో ఏమీ లేదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ తీరిగ్గా రాస్తాను.

మీ కోడలు

*

మార్చి 14

అమ్మాయికి,

నల్లది కొన్నాను! నీ ఉత్తరం అందిన రోజే కొన్నాను. వాడు అన్నాడంటే ఇక నా అనుమానాలన్నీ గట్టు మీద పెట్టాను. గాలీ లేదు గీలీ లేదు.

మొన్న ఆదివారం ఉదయం మా మేడ మీద ముహూర్తం చేశాం. మోకాలితో టెర్రస్ మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. సిగ్నల్ మాన్ తన పాత పసుపు టోపీ పెట్టుకుని వచ్చాడు. "నువ్వు ఎగరెయ్, నేను కింద చూసుకుంటా" అన్నాడు. మేమిద్దరం ఒకే మేడ మీద ఉన్నాం, కింద చూసుకునేది ఏముందో వాడికే తెలియాలి.

పైకి లేచింది. తేనెటీగల గుంపు పోతున్నట్టు చప్పుడట, నాకు వినపడలేదు, సిగ్నల్ మాన్ చెప్పాడు. ఫోన్ తెరలో ఊరంతా కనపడింది. బస్ డిపో, దాని రేకుల కప్పు, వరసగా నిలబెట్టిన బస్సుల వీపులు. ఆ పక్కన మిల్లు చిమ్నీ, పొద్దున పదింటికి దాని నీడ సరిగ్గా డిపో గోడ మీద పడుతుంది. నీళ్ళ టాంకు మీద ఎవరో బట్టలు ఆరేశారు. ఆసుపత్రి వెనక ఉన్న ఖాళీ స్థలంలో వాన నీరు అద్దంలా నిలిచి ఉంది. ఎంతసేపు చూశానో తెలియలేదు.

వాడి మాట నిలబడిందమ్మా. ఈ మధ్య నిద్ర కూడా పడుతోంది. నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట నాకు ఎంత మేలు చేసిందో రాయలేను. ఎందుకని అడగకు.

నువ్వు తింటున్నావా? ఉత్తరం మూడు లైన్లు రాస్తే నాకు భయమేస్తుంది.

మామయ్య

*

మార్చి 25

మామయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతోషం. తింటున్నాను. తూకం ఆవిడ నా కంచం కూడా తూచేలా ఉంది.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకండి. మిల్లు చిమ్నీ కనపడిందని రాశారు. ఆ చిమ్నీని రెండేళ్ళ కిందటే కూల్చేశారు కదా. నేనూ మీ అబ్బాయీ వీధి చివర నిలబడి చూశాం. దుమ్ము వచ్చి మీ దండెం మీది బట్టలన్నీ పాడైతే మీరు మిల్లువాళ్ళని ఒక రోజంతా తిట్టారు. ఆసుపత్రి వెనక స్థలంలో కూడా పార్కింగ్ కట్టేశారు, అక్కడ నీళ్ళు నిలిచే చోటే లేదు. అసలు మార్చిలో వానేమిటి?

మీకు మతిమరుపు వస్తోందేమోనని నాకు భయంగా ఉంది. ఒంటరిగా ఉండడంవల్ల అలా అవుతుందట. మొన్న ఒక డబ్బా వచ్చింది, లోపల పాత చెప్పులు ఉన్నాయి. పంపిన పెద్దాయన కొత్తవి కాళ్ళకి వేసుకుని పాతవి డబ్బాలో పెట్టేశాడు. అందరూ నవ్వారు. నాకు మీరు గుర్తొచ్చారు. దయచేసి ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. సిగ్నల్ మాన్‌గారిని తోడు తీసుకెళ్ళండి.

ఇంకోటి. నల్లది గాలి లేనప్పుడే ఎగరేయండి. నిన్న మాటల్లో తూకం ఆవిడతో చెప్పాను, బూడిదవి పదకొండొస్తే నల్లది ఒకటే తిరిగొచ్చిందని. ఆవిడ నా మొహం చూసి అంది: "పిచ్చిదానా, ఎగిరిపోయినదాన్ని డబ్బాలో పెట్టి ఎవరు పంపుతారు? ఇంటికొచ్చింది కాబట్టే బూడిద రంగుది మనదాకా వస్తోంది." ఆరు నెలలుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నాకు తట్టలేదు. వెనక్కి రాలేదు అంటే బాగుందనుకున్నాను. ఏమీ అనలేదు అంటే ఏమీ లేదనుకోవడం నాకు మొదటినుంచీ ఉంది.

మీది భద్రంగా ఉందా? అది తీసిన ఫోటో ఒకటి అచ్చు వేయించి పంపండి, చూడాలని ఉంది.

మీ కోడలు

*

ఏప్రిల్ 4

అమ్మాయికి,

నాకు మతి బ్రహ్మాండంగా ఉంది. డాక్టరూ వద్దు, చెప్పుల కథలూ వద్దు. సిగ్నల్ మాన్‌కి చదివి వినిపిస్తే వాడు పడీ పడీ నవ్వాడు, ఆ కోపం ఒకటి.

అబద్ధం చెప్పాను. అదీ సంగతి.

నల్లది పోయింది. మొదటి రోజే, మూడో నిమిషంలో. పైకి లేచినంతసేపూ బాగానే ఉంది. మా మేడ గోడ దాటి ఎత్తుకి వెళ్ళగానే గాలి దాన్ని పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. నేను వెనక్కి లాగుతున్నాను, అది ముందుకి పోతోంది. సిగ్నల్ మాన్ రెండు చేతులూ చాపి ఆపు అని సైగ చేశాడు. ఆ సైగకి ఇరవై ఏళ్ళు నేను ఆగాను. అది ఆగలేదు. డిపో మీదుగా పోతూ పోతూ చుక్కంత అయింది. తెరలో బస్సుల వీపులు మాత్రం నిజంగానే కనపడ్డాయి, ఆ తర్వాత తెర నల్లబడింది. మూడు రోజులు ఆ వీధులన్నీ కుంటుకుంటూ తిరిగాను. డిపో వాచ్‌మన్ నన్ను పాపం అన్నట్టు చూశాడు, రేకుల మీదికి మనిషిని కూడా ఎక్కించాడు. లేదు.

నీకు ఎలా రాయను? డ్రోన్ పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు. కానీ అది వాడు ఎన్నుకున్నది. నాకోసం వాడు చేసిన చివరి పని అదే. దాన్ని తీసుకెళ్ళి మూడు నిమిషాల్లో పారేశాను. అందుకే పోలేదని రాశాను. ఏం కనపడిందో రాయాలి కాబట్టి క్యాబిన్‌లోంచి నేను చూసినవి రాశాను. ముప్ఫై ఏళ్ళు రోజూ చూసినవి, కళ్ళు మూసుకున్నా కనపడతాయి. చిమ్నీని కూల్చారని తెలుసు. రాసేటప్పుడు మాత్రం అది నిలబడే ఉంది.

బాధగా ఉందా అంటే అదీ లేదు. వాడు లేకుండా పోయిన రోజు కూడా ఇంతే. అందరూ నా చుట్టూ నిలబడి నేను ఏడుస్తానని చూశారు. నాకు దాహం వేసింది, మంచినీళ్ళు అడిగాను. అప్పట్నుంచి అలాగే ఉంది.

నన్ను క్షమించు. వాడి మాటని సరిగా పట్టుకోలేకపోయాను.

మామయ్య

*

ఏప్రిల్ 12

మామయ్యగారికి,

మీరు నన్ను క్షమించమని రాశారు. ఆ మాట చదివాక మూడు రోజులు పనికి వెళ్ళి వచ్చాను, ఏ డబ్బాలో ఏముందో నాకు గుర్తులేదు. మంచివి కూడా చెత్త ట్రేలో వేశానని సూపర్‌వైజరు పిలిచి అడిగాడు.

మీ అబ్బాయి నల్లది అనలేదు. నేను అబద్ధం రాశాను. మీరు ఆ రోజు ఉదయం గురించి అడిగారు, ఫోన్ చూడమన్నారు. నాకు తప్పించుకోవాలనిపించింది. నల్లది అంటే ఇక అడగరని అనేశాను. మీరు పారేసింది తను ఎన్నుకున్నది కాదు. నేను నోటికొచ్చినట్టు రాసినది.

ఆ రోజు ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తాను.

ఉదయం ఎనిమిదింటికి తను మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఛాతీ బరువుగా ఉంది, రాత్రి తిన్నది అరగలేదనుకుంటా అన్నాడు. నేను గుర్తింపు కార్డు కోసం వెతుకుతున్నాను. సెలవు పెట్టనా అన్నాను. నువ్వు వెళ్ళు, నేను కాసేపు పడుకుని వెళ్తాను అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నాన్న డ్రోన్ సంగతి తేల్చేశాను, ఏదంటే" అన్నాడు. నేను "సాయంత్రం చెబుదువుగానీ, బస్సు పోతుంది" అన్నాను. కార్డు దొరికింది. వెళ్ళిపోయాను. పదకొండింటికి కింది వాటా ఆవిడ నాకు ఫోన్ చేసింది.

అంటే తను తేల్చాడు. నేనే చెప్పనివ్వలేదు. మీరు ఏది అని అడిగినప్పుడల్లా నాకు అదే మాట వినపడేది, ఏదంటే, ఏదంటే అని.

ఇంకొకటి కూడా ఉంది. ఫోన్‌లో ఏమీ లేదన్నాను కదా, ఉంది. నేను వెళ్ళిపోయాక, ఎనిమిదీ నలభై మూడుకి మీకు ఫోన్ చేశాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ కాల్ నేను మొదటి వారంలోనే చూశాను. తనకి నొప్పిగా ఉందని మీకు చెప్పి ఉంటాడని, అయినా నేను తనని వదిలేసి వెళ్ళిపోయానని కూడా చెప్పి ఉంటాడని అనుకున్నాను. తనని అలా వదిలి ఎందుకు వెళ్ళావని మీరు ఆ రోజునుంచి ఈ రోజుదాకా నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఉత్తరం మొదట్లో పాత పిలుపు మాని వేరేగా రాయడం మొదలుపెట్టారు. అన్నీ తెలిసే ఊరుకున్నారనుకున్నాను. ఆ ఊరు వదిలి బదిలీ తీసుకున్నది అందుకే.

మీకు తెలిసే ఉంటే ఇప్పుడైనా తిట్టండి. నేను ఎదురుచూస్తున్నాను.

కోడలు

*

ఏప్రిల్ 20

అమ్మాయికి,

తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. తిట్టించుకోవడానికి ఉంది.

వాడు ఫోన్ చేసిన మాట నిజం. నాలుగు నిమిషాలు మాట్లాడిన మాటా నిజమే. వాడు మాట్లాడాడు. నేను ఒక్క ముక్క వినలేదు.

నాకో పాడు అలవాటుంది. వాడికి కూడా తెలియదు. ఫోన్‌లో వినపడకపోతే వినపడలేదని చెప్పను. సిగ్గు. క్రేన్ మీద ఉన్నన్నాళ్ళూ నా అంత చురుకైనవాడు లేడనిపించుకున్నాను, రిటైరయ్యాక చెవిటి ముసలోడు అనిపించుకోవడం ఇష్టంలేదు. అందుకని అవతలి గొంతు ఆగినప్పుడల్లా "సరే" అంటాను. కరెంటువాళ్ళకి సరే, బ్యాంకువాళ్ళకి సరే, వాడికీ సరే. ఆ రోజు మిషను డబ్బాలో ఉంది, లేచి వెళ్ళి తెచ్చుకోవడానికి బద్ధకించాను. గరగర వచ్చింది, ఆగింది, సరే అన్నాను. మళ్ళీ గరగర, మళ్ళీ సరే. ఆరేడుసార్లు అన్నానేమో. తర్వాత వాడు పెట్టేశాడు. నేను పేపరు చదువుకున్నాను.

పదకొండున్నరకి సిగ్నల్ మాన్ వచ్చి సైగలు చేయకుండా నా భుజం పట్టుకున్నాడు.

అప్పట్నుంచి నా బుర్రలో ఉన్నది ఒక్కటే. నాన్నా, నొప్పిగా ఉంది అన్నాడేమో. నేను సరే అన్నానేమో. ఒక్కసారి రా నాన్నా అన్నాడేమో. దానికీ సరే అని ఇక్కడ కూర్చున్నానేమో. మా ఇంటికీ మీ ఇంటికీ ఆటోలో పది నిమిషాలు. నాకోసం తలుపు వంక చూశాడేమో.

నిన్ను ఏమీ అడగకపోవడం అందుకమ్మా. అడిగితే నువ్వు తిరిగి అడుగుతావు, మీకు ఫోన్ చేశాడు కదా, ఏమన్నాడు అని. నీ మొహం చూడాలంటే భయం, నీకు ఫోన్ చేయాలంటే భయం. నువ్వు ఊరు వదిలి వెళ్తానంటే లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. అంత పిరికివాణ్ణి.

ఆ కాగితం దొరికినప్పుడు ఒక ఆశ పుట్టింది. వాడు ఆ రోజుకి డ్రోన్ సంగతి తేల్చి ఉంటే, ఆ ఫోన్ దాని గురించే అయ్యుండొచ్చు కదా అని. అందుకే నీ ప్రాణం తోడాను. నువ్వు నల్లది అని రాశావు. ఇంకేం, నాకు ఆ విషయమే చెప్పడానికి చేశాడు, నేను సరే అన్నాను, వాడు తృప్తిగా పెట్టేశాడు అనుకున్నాను. ఆ నెలంతా నిద్రపోయాను. నీ అబద్ధం మీద కోపం రావడం లేదు, దాని మీదే పడుకున్నాను కాబట్టి.

ఇప్పుడు నువ్వు రాసింది చూశాను. నీతో మొదలుపెట్టిన మాటే నాతో పూర్తి చేశాడేమో. నువ్వు సాయంత్రం అన్నావని నాకు చేశాడేమో. అలా అయితే వాడి మాట వాడు చెప్పే వెళ్ళాడు. అలా కాకపోనూ వచ్చు. అది నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవాడు చచ్చిపోయాడు.

ఈ మాట రాసి కలం కింద పెట్టాను. ఇన్ని ఉత్తరాల్లో లేడు, లేకుండా పోయాడు అని రాశాం తప్ప ఈ మాట ఎవరం రాయలేదు. రాశాక ఏడుపొచ్చింది. తొమ్మిది నెలలకి. సిగ్నల్ మాన్ వంటగదిలో ఉన్నాడు, బయటికి రాలేదు, మంచివాడు. చాలాసేపు ఏడ్చాను. పై నాలుగు లైన్లు అలుక్కుపోయింది అందుకే.

నువ్వు ఆ రోజు పనికి వెళ్ళావు. వాడు వెళ్ళమన్నాడు, నువ్వు వెళ్ళావు. అందులో తప్పు నాకు కనపడలేదు. నా తప్పు నీకు ఎలా కనపడుతుందో నువ్వే రాయాలి.

మామయ్య

*

ఏప్రిల్ 26

మామయ్యగారికి,

మీ ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. డబ్బాలు పేరుకుపోయాయి. నేనూ ఏడ్చాను, తూకం ఆవిడ మొదటిసారి ఏమీ మాట్లాడకుండా నా పక్కన నిలబడింది. సూపర్‌వైజరు ఇంటికి వెళ్ళమన్నాడు. ఇంటికి అంటే గది గుర్తురాలేదు.

తప్పు ఎలా కనపడుతోందో రాయమన్నారు. నాకు కోపం వచ్చింది. ఒక పూట నిజంగా వచ్చింది, ఆ మిషను పెట్టుకుని ఉంటే అని. ఆ వెంటనే ఆ బస్సు ఎక్కకుండా ఉంటే అని నా మీదా వచ్చింది. రెండు కోపాలూ ఇంకా ఉన్నాయి. దాచను. అయినా మీ దగ్గరికి రావాలని ఉంది.

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. నాలుగు రోజులు సెలవు ఇచ్చారు. డ్రోన్ ఏదీ కొనకండి. కొంటే ఇద్దరం చూసి, మనకి నచ్చింది కొందాం. తను ఏది అనుకున్నాడో ఇక అడగొద్దు.

వచ్చాక ఆ రోజు ఉదయం గురించి మీకు మొదటినుంచి నోటితో చెప్పాలి. రాయని సంగతులు ఇంకా ఉన్నాయి. తను ఏ చొక్కా వేసుకున్నాడో, నేను గుమ్మం దాటుతుంటే ఎలా చూశాడో. చెప్పేటప్పుడు నా గొంతు సరిగా రాదు, మాటలు మింగేస్తాను. వినపడకపోతే సరే అనకండి. వినపడలేదనండి. మళ్ళీ చెప్తాను.

మీ కోడలు